ఎస్తేరు టీచర్ రెండు కండువాలు

పోయిన నెల ఒక పల్లెలో కాలువ మరమ్మతు పూర్తయిన రోజున రైతులు నన్ను పిలిచి మెడలో కొత్త నూలు కండువా వేశారు. నీటిపారుదల శాఖ ఇంజనీరుకి ఇలాంటివి ఎప్పుడో ఒకసారి దొరుకుతాయి. తిట్లు మాత్రం రోజూ దొరుకుతాయి, అది వేరే సంగతి. మైకులో ఎవరో నా గురించి లేనిపోని గొప్పలు చెబుతున్నారు. నా చెవికి అవేవీ ఎక్కలేదు. మగ్గం దిగి ఇంకా ఒక్క ఉతుకైనా పడని బట్టకి గంజి వాసన ఉంటుంది, కొంచెం పుల్లగా, కొంచెం ఎండగా. ఆ వాసన ముక్కుకి తగలగానే ఎస్తేరు టీచర్ గుర్తొచ్చారు, కళ్లు చెమర్చాయి. పక్కనున్న పెద్దమనిషి నేను సన్మానానికి పొంగిపోయాననుకుని ఇంకో దండ తెప్పించాడు.

ఎస్తేరు టీచర్ నారాయణపేట దగ్గర మా మండల కేంద్రంలోని హైస్కూల్లో మాకు సాంఘిక శాస్త్రం చెప్పారు. పొట్టి మనిషి. ఎప్పుడూ గళ్ల నూలు చీర, బిగించి కట్టిన ముడి. మా తరగతిలో కోప్పడితే పక్క తరగతి పిల్లలు కూడా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. ఆమె తండ్రి ఒక దొర ఇంట్లో బతుకంతా జీతగాడు, అంటే ఏడాది పొడుగునా ఆ గడపకి కట్టుబడి పనిచేసే మనిషి. ఆ ఇంటి నుంచి చర్చి పక్కనున్న బడికి నడిచి, చదువుకుని, టీచరైన మొదటి మనిషి ఈమె. ఆ సంగతి ఆమె తరగతిలో ఎన్నడూ చెప్పలేదు. ఊరంతటికీ తెలుసు కాబట్టి మాకూ తెలుసు.

యుద్ధాల పాఠాలు ఆమె చెప్పే తీరే వేరు. "తారీఖులు పరీక్షల రాయుర్రి, మార్కులిస్త. ఆ యుద్ధం నడిచినన్ని దినాలు ఇండ్లల్ల ఎవరు వండిన్రు, ఏం వండిన్రు, గది నాకు చెప్పుర్రి" అనేవారు. మేము నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. ఒకసారి నేనే ధైర్యం చేసి, "మొగోళ్లంత యుద్ధానికి పోతే పొలం ఎవరు చేస్తరు టీచర్? గింజలు లేకుంటే ఏం వండుతరు?" అన్నాను. ఆమె చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "ఆఁ, గిప్పుడు పాఠం షురువైంది" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమె రిటైర్ అయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆమె ఎస్తేరు టీచర్ ఎందుకవుతారు? నెలకొక ఆదివారం, వారపు సంత జరిగే అంగడి రోజు పొద్దున, గ్రంథాలయం వరండాలో లోకంలోని తగాదాల మీద సభ పెడతానన్నారు. నేనప్పుడు మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదువుతూ ఆదివారాలు ఊరికొచ్చేదాన్ని. నా దస్తూరీ బాగుంటుందని పోస్టర్లు రాసే పని నాకు అప్పగించారు. "అంగడినాడెందుకు టీచర్? కోళ్లు కొనేటోళ్లు, ఉల్లిగడ్డలు అమ్మేటోళ్లు మన ముచ్చట వింటరా?" అని అడిగాను. "లోకం సంగతి లోకం ఉన్నకాడ్నే మాట్లాడాలె పిల్లా. ఖాళీ హాల్ల నువ్వు, నేను, ఫ్యాను మాట్లాడుకుందమా?" అన్నారు.

ఆ సభకి ఆమె పెట్టిన పద్ధతి ఇది. ఎదురెదురుగా రెండు బెంచీలు, రెండు కండువాలు. ఒకటి ఎర్ర గళ్లది, ఒకటి తెల్లది. ఏ పార్టీ రంగూ తగలకుండా మగ్గం దగ్గర కూర్చుని మరీ నేయించారు. కొట్లాడుకుంటున్న రెండు దేశాల్లో ఒకదానికి ఎర్రది, ఇంకోదానికి తెల్లది. ఎవరు ఏది కప్పుకుంటే ఆ దేశం తరఫున మాట్లాడాలి. అరగంట కాగానే టీచర్ స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు. అప్పుడు కండువాలు మార్చుకుని, ఇందాకటిదాకా తిట్టిన పక్షాన్ని అంతే గట్టిగా నిలబెట్టాలి. ఎదుటి మనిషి "ఔ, గదే నా బాధ" అని ఒప్పుకునేదాకా బెంచీ మీది నుంచి లేవనిచ్చేవారు కాదు.

మొదటి సభకి వరండా పట్టనంత జనం వచ్చారు. మా ప్రపంచ జ్ఞానం మీద ప్రేమతో కాదు. మా దిక్కున నలుగురి ముందు కండువా కప్పుకోవడం అంటే పార్టీలో చేరడం, ఇంకో అర్థం లేదు. "ఎస్తేరమ్మ ఏ పార్టీలకు పోతాంది? బిర్యానీ ఎప్పుడు పెడుతరు?" అని ఒక తాత నన్నే అడిగాడు. ఎర్ర కండువా కప్పించుకున్న ఎరువుల దుకాణం యజమాని అరగంట తర్వాత దాన్ని తియ్యనంటే తియ్యనన్నాడు. చప్పట్ల మధ్య కప్పినదాన్ని అదే పూట తీసేస్తే పరువేం కావాలని ఆయన బాధ. చివరికి ఇద్దరూ కండువాలు మార్చుకుంటుంటే జనం ఈలలు వేశారు, మా లీడర్లను చూసీ చూసీ ఉన్నారు కదా. టీచర్ కూడా నవ్వాపుకోలేక, "వాళ్లు పదవి కోసం మారుస్తరు. మీరు ఎదుటోని బాధ కోసం మార్చుర్రి, పాపం తగలదు" అన్నారు. ఆ రోజు మాట్లాడింది ఊళ్లు కాలిపోయి సరిహద్దు దాటే శరణార్థుల గురించి. తెల్ల కండువా కప్పుకుని మూటతో నిలబడ్డ మనిషిగా మాట్లాడుతూ ఆ ఎరువుల ఆయన మాట మధ్యలోనే ఆపి కూర్చుండిపోయాడు. వాళ్ల నాయిన బొంబాయికి వలసపోయి మళ్లీ రాలేదట. ఆ తర్వాత బిర్యానీ గురించి ఎవరూ అడగలేదు.

అట్లా రెండేళ్లు గడిచాయి. ఆయుధాలు అమ్మే దేశాలు, వేడెక్కే భూమి, గోడలు కట్టే దేశాలు, అన్నీ మా అంగడిలో ఉల్లిగడ్డల పక్కన మాట్లాడుకున్నాం. ఆ మరుసటేడు వానలు మొహం చాటేశాయి. మా ఊరి పక్కన ఒక వాగు, దానికో చెక్‌డ్యాం ఉన్నాయి. ఎగువన మా పొలాలు, దిగువన భీమప్ప వాళ్ల పొలాలు. వాగులో పారేది సన్నటి ధార. అది కూడా కిందికి పోకుండా మా దిక్కు రైతులు చెక్‌డ్యాం మీద ఇసుక బస్తాలు పేర్చారు. పేర్చిన వాళ్లకి పెద్ద మా బాపే, అంటే మా నాన్నే.

భీమప్ప మా బాపు ఈడు మనిషి. అతని తల్లిదండ్రులకి సెంటు భూమి ఉండేది కాదు. సర్కారు ఇచ్చిన రెండెకరాలు వాగు కింద ఉన్నాయి. చిన్నప్పుడు మా పొలంలో కూలి చేశాడు, తర్వాత పదిహేనేళ్లు బొంబాయిలో కట్టడాల పని చేసి, ఆ రెండెకరాల మీద ఆశతో భార్యని, ఇద్దరు బిడ్డల్ని తీసుకుని తిరిగొచ్చాడు. పొట్టకొచ్చిన వరి. పదిహేను రోజుల్లో నీళ్లు తగలకపోతే పశువుల మేతకి తప్ప పనికిరాదు. అదే జరిగితే మళ్లీ బొంబాయి బండెక్కడమేనని, బిడ్డల బడి మాన్పించి మరీ పోవడమేనని అతను ఊరంతటికీ చెప్పుకున్నాడు. మా వాళ్లు విననట్టే ఉన్నారు.

ఇదంతా తెలిసి కూడా నేను చేసిన పని చూడండి. ఆ నెల సభకి విషయం నన్నే చెప్పమన్నారు టీచర్. పేపర్లో నైలు నది గురించి చదివి ఉన్నాను. ఎగువ దేశం పెద్ద ఆనకట్ట కడుతోంది, దిగువ దేశం మా నీళ్లు పోతాయంటోంది. భలే విషయం అనుకుని, నీలం సిరాతో నదిని గీసి, "పైనున్నవారి ఆనకట్ట, కిందున్నవారి దాహం" అని పెద్ద అక్షరాలతో పోస్టరు రాశాను. ఎక్కడో ఆఫ్రికాలో పారే నది తట్టింది గానీ నా ఇంటి పక్కన వాగు నాకు తట్టనే లేదు. చదువుకున్న తెలివి అంటే ఇదే కాబోలు. టీచర్ ఆ పోస్టరు వంక చాలాసేపు చూసి, "మంచిగ రాసినవ్, పోయి అంటియ్యి" అన్నారు, అంతే.

ఆ ఆదివారం బాపు పగ్గాలు కొనడానికి అంగడికొచ్చాడు. భీమప్ప ఎందుకొచ్చాడో గానీ అతనూ వచ్చాడు. బెంచీల మీద కాలేజీ లెక్చరర్లు ఇద్దరు నైలు గురించి చక్కగానే మాట్లాడుతున్నారు. ఇంతలో జనం వెనక నుంచి మా బాపు గొంతు వినిపించింది. "వాళ్ల కొండల మీద పడ్డ వాన వాళ్లది కాదా? కట్టుకుంటే తప్పేంది?" అటు పక్క నుంచి భీమప్ప లేచాడు. "అంటే కిందున్నోడు మన్ను తినాల్నా?" రెండు మాటలకి నైలు ఎండిపోయింది. మూడో మాటకి ఇసుక బస్తాలొచ్చాయి. బాపు అతని చొక్కా పట్టుకున్నాడు, "అరేయ్ భీమిగా, నా ముందల నిలబడి నాకే ఎదురు మాట్లాడుతవురా?" అంటూ. కోళ్ల గంపలు దొర్లాయి. టీచర్ గ్లాసు మోగించి మోగించి, చివరికి ఆ గ్లాసునే నేలకేసి కొట్టారు. అందరూ ఆగారు. "వచ్చే ఆదివారం మళ్ల సభ. ఈసారి లెక్చరర్లు వద్దు, మీరిద్దరే కూసోవాలె" అన్నారు.

ఇంటికొచ్చాక బాపు అన్న మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "జీతగాని బిడ్డ నాకు బుద్ధి చెప్తదా?" అన్నాడు. అమ్మ వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. నాకు ఒళ్లంతా మండిపోయింది, సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు బస్సెక్కే ముందు టీచర్ ఇంటికి వెళ్లి, ఆ పోస్టరు రాసి తప్పు చేశానని ఏడుస్తూ బాపు అన్న ఆ మాట కూడా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె చింతపండు గింజలు తీస్తున్నారు. చెయ్యి ఆపలేదు. "తప్పు నీదెందుకైతది? పోస్టరు చూడంగనే నాకు మీ వాగు కనపడ్డది. తెలిసే అంటియ్యమన్న. మీ బాపు ఇంట్ల ఎప్పుడుంటడు?" అన్నారు.

బుధవారం నేను క్లాసులు మానేసి ఇంటికి వచ్చాను, ఏం జరుగుతుందోనని. టీచర్ ఆటో దిగి మా వాకిట్లోకి వచ్చారు. బాపు లేచాడు గానీ రమ్మనలేదు. అమ్మే కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది. చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి టీచర్ అన్నారు, "నర్సన్నా, బస్తాలు తియ్యమని నేనడుగ. నీళ్లియ్యమని గూడ అడుగ. భీమప్ప గోస ఏందో నీ నోటితోని ఒక్కపారి చెప్పు, పోత."

"వాని గోస నాకేం ఎరుక టీచరమ్మా?"

"ఎరుక లేకనే బస్తాలు పేర్చినవా? అట్లయితే ఒక్కపారి పోయి చూసిరా. చూసినంత మాత్రాన నీళ్లేం కారిపోవు."

ఆమె వెళ్లిపోయాక బాపు చాలాసేపు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం ఎండ తగ్గకముందే, "బండి తియ్యి బిడ్డా" అన్నాడు. నా వెనక కూర్చుని వాగు కిందికి వచ్చాడు. మేము వెళ్లేసరికి భీమప్ప భార్య బిందెలతో నీళ్లు మోసి మడి ఒక మూలకి పోస్తోంది. రెండెకరాల పొలానికి బిందెలతో నీళ్లు! మిగతా మడి అంతా పర్రెలు విచ్చి, వేలు పట్టేంత సందులు. ఆమె మమ్మల్ని చూసి బిందె దించి కొంగు కప్పుకుంది. బాపు మడిలోకి దిగాడు. వంగి ఒక వరి కంకిని గోటితో నొక్కి చూశాడు. పాలు పోసుకోలేదు.

ఆదివారం వరండా కిక్కిరిసింది. ఈసారి నైలు లేదు, పోస్టరూ లేదు. టీచర్ ఇద్దరినీ సొంత పక్షం మాట్లాడనివ్వలేదు. "మీ మాటలు పోయినవారం ఇన్నం. ఇయ్యాల సీదా మార్చుకునుడే" అని తెల్ల కండువా బాపుకిచ్చారు. బాపు దాన్ని భుజాన వేసుకుని, "నేను... భీమప్పను" అని ఆగిపోయాడు. "భీమప్ప నర్సన్నను ఏమని పిలుస్తడు? నువ్వు గట్లనే పిలవాలె" అన్నారు టీచర్. బాపు ఎదురుగా కూర్చున్న భీమప్పని చూశాడు. మా ఊళ్లో భూమి లేని ఇళ్ల వాళ్లు భూమి ఉన్నవాళ్లని పిలిచే పిలుపు ఒకటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పిలుపు మా బాపు విన్నదే గానీ ఎన్నడూ పలికింది కాదు.

"పటేలా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. బాపు తల దించుకునే చెప్పుకుపోయాడు. "పటేలా, నా పెండ్లాం బిందెలతోని మడి తడుపుతాంది. కంకులల్ల పాలు లేవు. బొంబాయిల పదిహేనేండ్లు ఇటుకలు మోసిన, నా బిడ్డలు గూడ మోయాల్నా? పోయిన వానకాలం నీ బర్రె వాగుల దిగవడితే అందరు గట్టు మీద నిలబడి చూసిన్రు. నేనే దిగి గుంజిన. నువ్వు ఇంటికి పోయినంక గా ముచ్చట ఎవలకన్న చెప్పినవా?" నేను అమ్మ వైపు చూశాను. మాకు ఆ సంగతి తెలియదు. బర్రె దానంతటదే బయటికొచ్చిందని బాపు మాతో చెప్పాడు.

తర్వాత భీమప్ప వంతు. ఎర్ర కండువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పటేలు నిన్ను ఏమని పిలుస్తడు?" అని టీచర్ అడిగారు. పోయిన వారం అందరం విన్నదే. భీమప్ప తల అడ్డంగా ఊపాడు. "వద్దు టీచరమ్మా. పెద్దమనిషాయె, గా మాట నా నోట రాదు."

"అను భీమప్పా, ఏం కాదు. నేననేదే గదా" అన్నాడు బాపు.

"రాదు పటేలా."

బాపు బెంచీ మీద ముందుకు వంగాడు. "నీకు ఒక్కపారి రాలేదు. నా నోట ఇన్నేండ్లు ఎట్లొచ్చిందో" అన్నాడు. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. ఆ వరండాలో నేనొక్కదాన్నే కాదు.

భీమప్ప ఆ పిలుపు వదిలేసి మిగతాదంతా చెప్పాడు. "మూడు బోర్లేసిన, మూడూ ఎండినయి. మూడో బోరు బండి వాపస్ పోతుంటే దాని వెనుక నేను ఊరి బయటిదాక నడిచిన. ఇంకో పది ఫీట్లు పోతే పడుతుండెనేమో అని. ఎవరు చూడలేదనుకున్న." చూసినవాడు భీమప్పే. బాపు కండువాతో కళ్లు ఒత్తుకుని, "ఔ, గదే నా బాధ" అన్నాడు. ఆ మాట అనమని టీచర్ అడగనే లేదు.

ఆ సాయంత్రమే సగం బస్తాలు దిగాయి. వారంలో నాలుగు రోజులు పైకి, మూడు రోజులు కిందికి అని వంతు పెట్టుకున్నారు. అద్భుతమేమీ జరగలేదు. భీమప్ప రెండెకరాల్లో ఒక ఎకరమే దక్కింది, మాదీ కొంత పోయింది. కానీ అతను బొంబాయి పోలేదు, పిల్లలు బడి మానలేదు. అసలు గొడవ తర్వాత మొదలైంది. తెల్ల కండువాతో ఉన్న మా బాపు ఫోటో ఎవరో ఫోన్లో తీసి ఊరి వాట్సాప్‌లో పెట్టారు. ఎగువ రైతులు మా ఇంటి మీదికొచ్చారు. "మాకు చెప్పకుండ కండువా మార్చినవంట. ఏ పార్టీల చేరినవ్?" అని నిలదీశారు. బాపు తీరిగ్గా, "భీమప్ప పార్టీ. ఇప్పటికి ఇద్దరమే ఉన్నం, రండ్రి" అన్నాడు. నెల రోజులు వాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన లెక్కచేయలేదు.

ఒకసారి టీచర్‌ని అడిగాను, మీరెప్పుడైనా ఇట్లా కండువా మార్చుకున్నారా అని. ఆమె దాచలేదు. "మా నాయినను చెట్టుకు కట్టేసి కొట్టిన దొర ఉండె. ఆయన తరఫున మాట్లాడుదమని ఇంట్ల తలుపేసుకుని ఎన్నోసార్లు చూసిన. నాతోని కాలే. అందరితోని అన్నీ కావు బిడ్డా. కావాలని గూడ లేదు. అందుకే మీ బాపును మెచ్చుకుంట." శాంతి అంటే అందరూ సమానంగా తప్పు చేశారని ఒప్పుకోవడం కాదని నాకు ఆ రోజు తెలిసింది.

కరోనాతో సభలు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. ఎస్తేరు టీచర్ పోయి రెండేళ్లయింది. చర్చి వెనకాల సమాధి తోటకి ఆమె పెట్టెను మోసుకుపోతుంటే ముందర ఒక పక్క మా బాపు, ఇంకో పక్క భీమప్ప భుజం పట్టారు. ఇప్పుడు ఒకరినొకరు పేర్లతోనే పిలుచుకుంటారు. దారిలో బరువు సరిచేసుకుంటూ, "నర్సన్నా, జర నెమ్మది" అని భీమప్ప అనడం వెనక నడుస్తున్న నేను విన్నాను.

తిరిగొస్తుంటే బాపు బండి మీద నా వెనక కూర్చున్నాడు. ఊరు దాటాక నెమ్మదిగా అడిగాడు. "బిడ్డా, నేను ఆ దినం ఇంట్ల ఒక మాటన్న. జీతగాని బిడ్డ అని. గది ఆమెకు తెల్వదు గదా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలని కూడా అనిపించింది. "తెలుసు బాపూ. మర్నాడే నేను చెప్పిన" అన్నాను.

"మర్నాడా? అంటే మనింటికి రాకముందే?"

"రాకముందే."

బండి ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన కందిచేను వైపు తిరిగి నిలబడ్డాడు. 

"తెలిసే వచ్చిందా?" అన్నాడు చివరికి. "తెలిసే నా ఇంట్ల చాయ్ తాగిందా?"

నా ఉద్యోగంలో తిట్టేవాళ్ల గడపకి రోజూ వెళ్లాలి. కొన్ని పొద్దుటిపూటలు అడుగు ముందుకు పడదు, తలుపు వేసుకుని పడుకోవాలనిపిస్తుంది. అప్పుడు మా బాపు ఆ రోడ్డు మీద అడిగిన ఆ రెండు ప్రశ్నలు గుర్తొస్తాయి. లేచి, జీపు పిలిపించుకుని, ఎవరు ఎక్కువ తిట్టారో వాళ్ల ఇంటికే ముందు వెళతాను. చాయ్ ఇస్తే పూర్తిగా తాగుతాను.